అడాప్టర్ మీరిచ్చిందేనన్నాను

నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు తరంగాలు, విద్యుత్తు, విద్యుదయస్కాంత తరంగాలు ఏళ్ల తరబడి చెప్పాను. తెనాలిలో మా ఇంట్లో వైఫై నెలల తరబడి సతాయించింది. దాని కారణం వెతుకుతున్నానంటూ నేను చేసిన తెలివితక్కువ పనులూ, మధ్యలో ఆడిన ఒక అబద్ధమూ ఇక్కడ రాస్తున్నాను. వాటిలో తెలియక చేసినవి కొన్నే. క్లాసులో చెప్పిన పాఠాన్ని ఇంటికొచ్చి పక్కన పెట్టి చేసినవే ఎక్కువ. వాటివల్ల మా కోడలు నష్టపోయింది. లైన్ చూసే ఒక అబ్బాయి నష్టపోయాడు. వాళ్లిద్దరికీ విడిగా చెప్పుకున్నాను. కానీ నేను నిందలు వేసింది పదిమంది వినేలా. ఒప్పుకోవడం కూడా పదిమందిలోనే జరగాలి.

మాది డాబా ఇల్లు. కింద మేముంటాం, పక్కన ఒక చిన్న పోర్షన్ అద్దెకిచ్చాం, పైన రెండు గదులున్నాయి. మా అబ్బాయి మర్చంట్ నేవీలో ఉంటాడు. కోడలు, మనవరాలు మా దగ్గరే. కోడలిది హైదరాబాదు కంపెనీలో ఉద్యోగం, పని మాత్రం ఇంటి నుంచే. సాయంత్రం మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా పైగదిలో కూర్చుని విదేశాల్లోని క్లయింట్లతో వీడియోలో మాట్లాడాలి. ఫైబర్ కనెక్షన్ పెట్టించింది ఆమె పని కోసమే.

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి ఇల్లంతా తిరిగి చూసి, మెట్ల మలుపు దగ్గర గోడ చూపించాడు. "ఇక్కడ పెడితే కిందకీ పైకీ అందుద్ది మాస్టారూ" అన్నాడు. ఆ గోడకు అప్పుడే రంగు వేయించాం. మేకులు కొట్టించడానికి, వైరు కనపడేలా లాగించడానికి నాకు మనసొప్పలేదు. లోపలి పడకగదిలో ఇనప బీరువా మీద వైఫై బాక్సు పెట్టమన్నాను. ఎత్తున ఉంటే మనవరాలి చేతికి అందదు, సిగ్నలూ దూరం పోతుందని నా లెక్క. "బీరువా మీద వద్దు మాస్టారూ" అని అతను ఒకసారి అన్నాడు. నేను ఫిజిక్స్ చెప్పినవాణ్ణని అతనికి చెప్పాను. మళ్లీ మాట్లాడలేదు, చెప్పినచోటే పెట్టి వెళ్లిపోయాడు.

వైఫై రేడియో తరంగమే. మన ఇళ్లలో అది ముఖ్యంగా రెండుచోట్ల నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, 5 గిగాహెర్ట్జ్ దగ్గర. కాంతివేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే మొదటిదాని తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, రెండోదానిది 6 సెంటీమీటర్ల దరిదాపు వస్తుంది. ఈ లెక్క బోర్డు మీద నేను ఎందరిచేతో చేయించాను. తరంగదైర్ఘ్యం కన్నా ఎన్నో రెట్లు పెద్దదైన లోహపు రేకు అడ్డొస్తే తరంగం దాన్ని దాటలేదు, తగిలి వెనక్కి మళ్లుతుంది. ఆరడుగుల బీరువా అలాంటిదే. దాని తలుపుకున్న నిలువుటద్దం వెనక పూసిన లోహపు పూతా అలాంటిదే. బాక్సు నుంచి కింది గదులకు పోవలసినదానికి ఆ రేకే అడ్డుపడింది. పైగదికి పోవలసింది ఇనప చువ్వలు అల్లి పోసిన స్లాబులోంచి ఏటవాలుగా దూరి పోవాలి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కాంక్రీటు మింగేదీ పెరుగుతుంది. అందుకే 5 గిగాహెర్ట్జ్ పైగదిలో పేరుకైనా కనపడేది కాదు.

పైన బలహీనంగా వస్తోందని కోడలు చెప్పగానే నేను కుర్చీ ఎక్కి, బాక్సుకున్న రెండు యాంటెన్నాల కొనలనూ పైగది కేసి తిప్పాను. కొన ఎటు చూపిస్తే సిగ్నల్ అటు పోతుందనుకోవడం చదువుకోనివాళ్లు పొరపడే చోటు. నేను అక్కడ పొరపడడానికి వీల్లేదు. కడ్డీ యాంటెన్నా తన పొడవుకు లంబంగా ఎక్కువ ప్రసరిస్తుంది, కొన దిశలో దాదాపు ఏమీ పంపదు. గారె చిల్లులో ఒక పుల్ల నిలబెట్టినట్టు ఊహించుకోండి. పుల్ల యాంటెన్నా, చుట్టూ ఉన్న గారె సిగ్నల్. కోడలు కూర్చునే గదిని నేను తీసుకెళ్లి సరిగ్గా ఆ చిల్లుకు ఎదురుగా పెట్టాను. పై అంతస్తుకు కూడా అందాలంటే ఒకదాన్ని నిలువుగా ఉంచి, రెండోదాన్ని అడ్డంగా పడుకోబెట్టాలి.

కోడలు ఫోన్‌లో ఒక యాప్ వేసి, పైగదిలో వస్తున్న సిగ్నల్ ఎంతో చూపించింది. మైనస్ 78 డీబీఎం అని ఉంది. బీరువా ఉన్న గదిలో అదే యాప్ మైనస్ 40 చూపించింది. ఈ కొలతలో ప్రతి 10కీ శక్తి పదో వంతుకు పడిపోతుంది. 38 తేడా అంటే కింద ఉన్న శక్తిలో ఆరువేలో వంతు కూడా పైకి చేరడం లేదు. వీడియోలో ఆగకుండా మాట్లాడాలంటే మైనస్ 67 కన్నా దిగజారకూడదని ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఒక గీత పెట్టుకున్నారు. నాకు డెసిబెల్ తెలుసు. కానీ ఆ రోజు లెక్క వేయలేదు. "రెండు గీతలు వస్తున్నాయిగా, సరిపోతుంది. మీ లాప్‌టాప్‌లోనే ఏదో ఉంది" అన్నాను. ఫోన్ తెర మీది గీతలకు అందరూ ఒప్పుకున్న కొలతంటూ ఏదీ లేదు. ఒక ఫోన్‌లో రెండు గీతలు ఇంకో ఫోన్‌లో మూడు కావచ్చు. పైగా అవి బాక్సు మాట ఫోన్‌కు ఎలా వినపడుతోందో చెబుతాయి గానీ, ఫోన్ మాట బాక్సుకు వినపడుతోందో లేదో చెప్పవు. ఫోన్ పంపే శక్తి సాధారణంగా బాక్సు పంపేదానికన్నా తక్కువ. అందుకే గీతలుండీ మాట తెగిపోతుంది.

ఆ యాప్ నా చేతికి వచ్చాక ఇంకో తప్పు మొదలైంది. మా వీధిలో ఎవరి వైఫై ఏ ఛానెల్‌లో ఉందో అందులో కనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నాయి. ఒక్కో ఛానెల్ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్, ఒక్కో సిగ్నల్ ఆక్రమించే వెడల్పు 20 మెగాహెర్ట్జ్. కాబట్టి ఒకదాన్నొకటి తాకకుండా ఉండాలని మామూలుగా వాడేవి 1, 6, 11. మా చుట్టుపక్కల అందరూ వాటిలోనే గుమిగూడి ఉన్నారు. 3 ఖాళీగా కనపడింది. ఎవరూ లేని చోటు దొరికిందని మా బాక్సును 3లో పెట్టాను.

అది ఎందుకు తప్పో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్, ఆయన సహచరులు అలోహానెట్ అనే ఏర్పాటుతో దీవుల్లోని కంప్యూటర్లను రేడియో మీద కలిపారు. పంపడానికి అందరిదీ ఒకే పౌనఃపున్యం. ఎవరికి పనుంటే వాళ్లు పంపేయడం, రెండు ఢీకొంటే తలా కొంతసేపు ఆగి మళ్లీ పంపడం వాళ్ల పద్ధతి. అలా చేస్తే ఛానెల్ సామర్థ్యంలో దాదాపు 18 శాతమే పనికొస్తుందని లెక్క తేలింది. 1997లో వచ్చిన 802.11 ప్రమాణం, అంటే ఇవాళ్టి వైఫైకి పునాది, ఇంకో అడుగు వేసింది. పంపబోయే ముందు విను, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగు అని నియమం పెట్టింది. ఒకే ఛానెల్‌లో ఉన్న రెండు ఇళ్ల బాక్సులు ఒకదాని మాట ఒకటి విని, ఎంతసేపు పడుతుందో కూడా తెలుసుకుని, వంతులు వేసుకుంటాయి. నెమ్మదిస్తుంది గానీ తెగదు. నేను ఎంచుకున్న 3 అటు 1నీ ఇటు 6నీ కొంత కొంత తొక్కుతుంది. వాళ్ల మాట మా బాక్సుకు అర్థం కాదు, మా బాక్సు మాట వాళ్లకు అర్థం కాదు. ఇద్దరికీ అది రొద. వీధిలో కొందరి నెట్‌ను కూడా నేను పాడుచేశానన్నమాట. ఎదురింటాయన ఆ నెలలో తన నెట్ గురించి చెప్పుకుంటే విని, కంపెనీని తిట్టడంలో ఆయనతో గొంతు కలిపాను.

దాంతో ఆగలేదు. బాక్సు అట్టపెట్టె మీద 300 అని అంకె ఉంది. ఆ వేగం రావాలంటే ఛానెల్ వెడల్పును 20 నుంచి 40 మెగాహెర్ట్జ్‌కు పెంచాలి. పెంచేశాను. ఉన్న మొత్తం జాగా 83.5 మెగాహెర్ట్జ్. దాదాపు సగం జాగా మా ఒక్క ఇంటికి తీసుకుని, అటూ ఇటూ ఉన్నవాళ్లందరి రొదా నెత్తికెత్తుకున్నాను.

మా ఆవిడ మీద కూడా పడ్డాను. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ రేడియో సమావేశం పరిశ్రమల, శాస్త్ర, వైద్య పరికరాలకు కేటాయించింది. మైక్రోవేవ్ పొయ్యి 2.45 దగ్గర పనిచేయడానికి కారణం అదే. 1985లో అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఆ పట్టీలోనే లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోవచ్చునని తలుపు తీసింది. వైఫై అలా పొయ్యి పక్కన కాపురం పెట్టింది. పొయ్యి నడుస్తున్నంతసేపూ పక్కనున్న వైఫైకి ఇబ్బంది నిజమే. ఈ సంగతి తెలుసు కాబట్టి, సాయంత్రం పూట మైక్రోవేవ్ ముట్టుకోవద్దని ఆవిడను కట్టడి చేశాను. పొయ్యి ఆపేసిన సాయంత్రాలు కూడా నెట్ పోయింది. అది నా కళ్ల ముందే జరిగింది. అయినా ఆంక్ష ఎత్తేయలేదు.

తర్వాత పక్క పోర్షన్‌లో అద్దెకుంటున్న కుర్రాళ్లు. బాక్సు సెట్టింగుల పేజీలో మా వైఫైకి తగులుకుని ఉన్న పరికరాల జాబితా చూస్తే, నేను గుర్తుపట్టలేని చిరునామాలు కొన్ని కనపడ్డాయి. మన పాస్‌వర్డ్ దొంగిలించి వాళ్లు వాడుకుంటున్నారనుకున్నాను. గుమ్మంలో నిలబెట్టి అడిగాను. వాళ్లు తమ ఫోన్లు నా చేతికిచ్చి చూసుకోమన్నారు. నేను నమ్మలేదు. అసలు సంగతి తర్వాత తెలిసింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు వైఫైకి తగులుకునేటప్పుడు ఫ్యాక్టరీలో ఇచ్చిన చిరునామా దాచి, ఉత్తుత్తి చిరునామా ఒకటి చూపిస్తాయి. మనిషి కదలికలను ఎవరూ వెంబడించకుండా పెట్టిన ఏర్పాటది. నేను దొంగలనుకున్న పరికరాలు మా ఆవిడ ఫోను, కోడలి ఫోను, నా ఫోను. ఆ కుర్రాళ్లు మరుసటి నెల ఇల్లు ఖాళీ చేశారు. ఫలానా కారణమని చెప్పలేదు.

సిగ్నల్ అందుకుని తిరిగి పంపే రిపీటర్ ఒకటి తెచ్చాను, దాని సంగతి క్లుప్తంగా చెబుతాను. సిగ్నల్ అందని పైగదిలోనే దాన్ని బిగించాను. అందనిదాన్ని అది ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? దాన్ని అందే చోటుకూ అందని చోటుకూ మధ్యలో పెట్టాలి. అప్పుడు కూడా ఒకే రేడియోతో వినడం, తిరిగి చెప్పడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది.

ఇవన్నీ చేస్తున్నప్పుడు ప్రతి మార్పు తర్వాతా ఒక పూటో రెండు పూటలో నెట్ బాగుండేది. బాగైందని ఇంట్లో ప్రకటించేవాణ్ణి. వచ్చి పోయే లోపంలో మోసమంతా ఇక్కడే ఉంది. అది దానంతట అది తగ్గినప్పుడు, అంతకుముందు మనం ఏం చేస్తే దానికి ఆ ఘనత అంటగడతాం. సోనోమీటర్ ప్రయోగంలో తీగ పొడవు, తన్యత రెండూ ఒకేసారి మార్చిన కుర్రాడి రికార్డు మీద నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు. మళ్లీ చేసి తీసుకురమ్మనేవాణ్ణి. ఇంట్లో ఛానెల్, వెడల్పు, పాస్‌వర్డ్, బాక్సు చోటు, యాంటెన్నాలు అన్నీ ఒకే రాత్రి మార్చాను. ఏదీ కాగితం మీద రాసుకోలేదు.

అసలు మా ఇంట్లో జబ్బులు రెండు. సిగ్నల్ బలహీనంగా ఉండి మాట ముక్కలు కావడం ఒకటి. అది బీరువా వల్ల మొదటి రోజు నుంచీ ఉంది. నెట్ మొత్తంగా పోయి రెండు మూడు నిమిషాల్లో తిరిగి రావడం రెండోది. అది తర్వాత మొదలైంది. ఎలా పోతోందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. పోతోందన్నంత వరకే విన్నాను.

రెండోదానికి కారణం అడాప్టర్. ఎండాకాలం చివర ఒక గాలివాన రాత్రి కరెంటు పోయి వచ్చి, బాక్సు తాలూకు అడాప్టర్ కాలిపోయింది. కోడలికి కాల్ ఉంది, ఆ వేళకు ఏ షాపూ తెరిచి ఉండదు. సొరుగులో పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ ఒకటి ఉంటే తీసి చూశాను. పిన్ను పట్టింది. 12 వోల్టులు అని ఉంది, బాక్సుకూ 12 వోల్టులే కావాలి. కాలిపోయినదాని మీద 1.5 యాంపియర్లు అని ఉంది, దీని మీద 0.5 అని ఉంది. చదివాను. చదవలేదని చెప్పను. 18 వాట్లు ఇవ్వవలసిన చోట ఇది 6 వాట్లే ఇవ్వగలదని నాకు తెలుసు. రేపు కొత్తది తెద్దామనుకుని తగిలించాను. నెట్ వచ్చింది. "థాంక్స్ మావయ్యా" అంటూ కోడలు పైకి పరిగెత్తింది.

మర్నాడు తేలేదు. ఆ మర్నాడూ తేలేదు. పని జరుగుతోంది కదా అనిపించింది.

బాక్సు ఊరికే ఉన్నప్పుడు ఆ కాస్త శక్తీ సరిపోయేది. సాయంత్రం టీవీ, ఫోన్లు, కోడలి వీడియో అన్నీ కలిసి బాక్సు గట్టిగా పనిచేయవలసి వచ్చినప్పుడు, అడాప్టర్ మోయలేని కరెంటు లాగుతుంది. వోల్టేజి కుంగుతుంది, బాక్సు ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఆ లేచేలోపు పైగదిలో కోడలు మాట్లాడుతున్న మనిషి తెర మీద నుంచి మాయమైపోతాడు.

నేను కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మాకు కనెక్షన్ ఇచ్చిన ఆ అబ్బాయే వచ్చాడు. ఫైబర్ కొస తీసి పవర్ మీటర్‌కు పెట్టి చూశాడు. "మైనస్ 19 ఉంది మాస్టారూ. మైనస్ 27 దాటితేనే బాక్సుకు ఇబ్బంది. లైను బాగుంది" అన్నాడు. కొసను తుడిచి మళ్లీ పెట్టాడు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగాడు. నెట్ పోయినప్పుడు బాక్సు మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రలైటు వెలుగుతోందా, లేకపోతే లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వస్తున్నాయా అన్నది మొదటిది. ఫైబర్ తెగితే మిగతా లైట్లు ఉండగానే ఎర్రలైటు కొట్టుకుంటుంది. కరెంటు అందకపోతే అన్నీ ఆరి, ఒక్కొక్కటే వెలుగుతాయి. ఈ ఒక్క జవాబుతో జబ్బు బయటిదా ఇంట్లోదా తేలిపోతుంది. నెట్ పోయినప్పుడు నేను ఎన్నడూ ఆ గదిలోకి వెళ్లి చూడలేదు. "ఎర్రగా ఏదో వెలిగింది" అన్నాను.

రెండోది, "అడాప్టర్ మేమిచ్చిందేనా మాస్టారూ?"

"మీరిచ్చిందే" అన్నాను.

ఎందుకన్నానని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదంటే లోపం మా ఇంట్లోదవుతుంది. కోడలు అక్కడే నిలబడి ఉంది. అడాప్టర్ పెట్టింది నేను. ఐటీఐ చదివిన కుర్రాడి ముందు, నేను పాఠం చెప్పిన విద్యుత్ సామర్థ్యం లెక్క దగ్గరే తప్పుచేసి దొరికిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. కారణం ఇంతే, ఇంతకన్నా పెద్దది వెతికినా దొరకలేదు.

అబద్ధం ఆడాక అడాప్టర్ మార్చడానికి కూడా దారి మూసుకుపోయింది. కొత్తది తెచ్చి పెడితే నెట్ బాగుపడుతుంది. బాగుపడితే కారణం అదేనని తెలిసిపోతుంది. అందుకని అది కారణం కాదని ముందు నన్ను నేను నమ్మించుకున్నాను. ఛానెళ్లు, పొయ్యి, అద్దెకున్న కుర్రాళ్లు, రిపీటర్, వీటి వెనక నేను అంతగా పరిగెత్తడం ఆ అబద్ధం తర్వాతే ఎక్కువైంది. ఇంకో కారణం ఏదో ఒకటి దొరకాలి, అది నాది కాకూడదు.

ఫిర్యాదు మీద ఫిర్యాదు ఇచ్చాను. ఆఫీసుకు ఫోన్ చేసి, మీ కుర్రాడు పైపైన చూసి పోతున్నాడు, పని రాదు అన్నాను. వీధిలో నలుగురి ముందూ అదే అన్నాను. ఒకే ఇంటి నుంచి ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తే ఆ నెల అతనికి అదనంగా రావలసిన డబ్బు కోసేస్తారని, అతన్ని మా వైపు నుంచి తీసి వేరే రూటుకు వేశారని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజుల్లోనే కోడలు ముఖ్యమైన కాల్ ఉన్నప్పుడల్లా పిల్లను చంకన వేసుకుని గుంటూరులో పుట్టింటికి వెళ్లడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు క్లయింట్లతో మాట్లాడే బాధ్యత ఆమె దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఆమె నాకు చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది.

కారణం కనిపెట్టింది కోడలే. ఒక ఆదివారం ఆమె లాప్‌టాప్ తెచ్చి బీరువా గదిలో పెట్టుకుని, లాన్ కేబుల్‌తో నేరుగా బాక్సుకు తగిలించింది. తెర మీద రెండు నల్ల కిటికీలు తెరిచింది. ఒకదాంట్లో బాక్సు సొంత చిరునామాకు, 192.168.1.1కి, పింగ్ పెట్టింది. రెండోదాంట్లో బయట గూగుల్ నడిపే 8.8.8.8కి పెట్టింది. పింగ్ అంటే ఒక చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో కొలవడం. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే అమెరికన్ ఈ ప్రోగ్రాం రాశాడు. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచే సోనార్ చప్పుడు పేరే దానికి పెట్టాడు. ప్రతిధ్వనితో దూరం కొలవడం కూడా నేను చెప్పిన పాఠమే.

ఆమె ఆలోచన స్పష్టంగా ఉంది. బయటి జవాబు ఆగి, బాక్సు జవాబు వస్తూ ఉంటే లోపం లైనుది. కేబుల్‌తో బాగుండి వైఫైలో మాత్రమే పోతే లోపం గాలిలోది. కేబుల్ ఉండగానే బాక్సు కూడా జవాబివ్వడం మానేస్తే లోపం బాక్సుది. సాయంత్రం దాకా కూర్చుని, పోయిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో టైము రాసుకుంది. ప్రతిసారీ రెండు కిటికీలూ ఒకేసారి ఆగాయి. తర్వాత బాక్సు పేజీ తెరిచి అది ఎంతసేపటి నుంచి లేచి ఉందో చూసింది. నాలుగు నిమిషాలని ఉంది. లాగ్‌లో మొదటి పంక్తుల తేదీ 1970 జనవరి 1. ఇలాంటి బాక్సుల్లో గడియారాన్ని నిలబెట్టే బ్యాటరీ ఉండదు. లేచిన ప్రతిసారీ కాలాన్ని అక్కడినుంచి లెక్కపెట్టి, బయటినుంచి అసలు టైము అందాక సరిచేసుకుంటాయి. లైను తెగితే అలా జరగదు. బాక్సు పూర్తిగా ఆగి మళ్లీ లేస్తేనే జరుగుతుంది.

ఆమె ఫోన్ టార్చి వేసి అడాప్టర్ తీసి చూసింది. "మావయ్యా, దీని మీద 0.5 అని ఉంది. బాక్సు వెనక 1.5 అని ఉంది. ఇది వాళ్లిచ్చింది కాదా?" అని అడిగింది.

కాదన్నాను. అప్పుడే అన్నీ చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. నోట్‌బుక్ మూసి పైకి వెళ్లిపోయింది. అలా వెళ్లిపోవడం న్యాయమే.

మర్నాడు 12 వోల్టులు, 2 యాంపియర్ల అడాప్టర్ తెచ్చాను. వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి, యాంపియర్లు ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం పనికిరావు. మొత్తంగా పోయి రావడం ఆ రోజే ఆగింది. తర్వాత మెట్ల మలుపు గోడకు మేకులు కొట్టించి బాక్సును అక్కడికి మార్పించాను. ఛానెల్ 6, వెడల్పు 20. రిపీటర్ తీసేశాను. పైగదిలో సిగ్నల్ మైనస్ 55కు వచ్చింది, 5 గిగాహెర్ట్జ్ కూడా అందుతోంది. కోడలి బల్ల దగ్గరికి ఒక లాన్ కేబుల్ లాగించాం. తెగకూడని పనికి తీగే మేలు.

ఆ అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్లాను. వేరే పేటలో స్తంభం దగ్గర నిచ్చెన వేసుకుని పనిలో ఉన్నాడు. దిగేదాకా ఆగి, అడాప్టర్ గురించి అబద్ధం చెప్పానని చెప్పాను.

"నాకప్పుడే తెలుసు మాస్టారూ. మా అడాప్టర్ల మీద స్టిక్కరు ఉంటది. దానికి లేదు" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు అనలేదని అడిగాను.

"మా అన్న మీ దగ్గర చదువుకున్నాడు. మీరు మాదేనన్నాక నేనేం అంటాను?"

చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "పెద్దోరు, మీరట్టా అనబాకండి" అన్నాడు గానీ నా కేసి చూడలేదు. పోయిన డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. లోపం మా ఇంట్లోదని, నేనిచ్చిన ఫిర్యాదులన్నీ తప్పని కాగితం మీద రాసి, సంతకం పెట్టి వాళ్ల ఆఫీసులో ఇచ్చాను. మూసేసిన ఫిర్యాదులను తిరగదోడలేమన్నారు. అద్దెకున్న కుర్రాళ్ల నంబరు సంపాదించి వాళ్లకూ చెప్పాను. ఎదురింటాయనకు చెప్పాను. కోడలి చేతిలోంచి పోయిన పని ఇంకా తిరిగి రాలేదు. ఆ అబ్బాయి ఇప్పటికీ ఆ దూరపు రూటులోనే తిరుగుతున్నాడు.

మీ ఇంట్లో నెట్ పోతే ముందు బాక్సు దగ్గరికి వెళ్లి ఏ లైటు వెలుగుతోందో, ఏది ఆరిందో చూడండి. ఒక కేబుల్ తగిలించి చూడండి. అడాప్టర్ మీద యాంపియర్లు ఎంతో చదవండి. బాగుచేయడానికి వచ్చిన మనిషి ఏది అడిగితే దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.